చలిమంట రాజేయడానికి ఇంట్లో ఏమున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు తిరుపతిలో. గత రెండేళ్లుగా మిద్దె మీద ఒక పాత ఇనుప బాణలి, ఒక బకెట్ నీళ్లు పెట్టుకుని, వంటింట్లోనూ పూజగదిలోనూ దొరికిన ప్రతి వస్తువునూ అంటించి చూస్తున్నాను. తెలిసినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈ పిచ్చి ఎలా పట్టుకుంది?

కార్తీక మాసంలో చంద్రగిరి అవతల స్నేహితుడి మామిడి తోటలో రాత్రి బస చేశాం. మన దగ్గర అసలు వానాకాలం ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు కురుస్తుందో చెప్పలేం. ఆ సాయంత్రం జల్లు పడి కట్టెలన్నీ నానిపోయాయి. ఆదివారం పేపరు మొత్తం, అనుబంధంతో సహా, బూడిదైంది. కట్టెకు మసి అంటిందే తప్ప మంట అంటలేదు. గంటన్నర ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాక కారు డిక్కీలో మా అత్తయ్య పౌర్ణమికి కొని మరచిపోయిన 365 వత్తుల కట్ట కనిపించింది. వంటకు తెచ్చుకున్న నెయ్యిలో దాన్ని ముంచి, చితుకుల కింద పెట్టి వెలిగించాం. పావుగంటలో టీ కాగింది. తిరుపతికి తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా ఒకటే ఆలోచన: ఇంకా ఏమేమి ఉన్నాయి ఇంట్లో?

పరీక్ష ఎలా చేస్తారు?

బాణలిలో సగం దాకా ఇసుక. దాని మీద పది గ్రాముల వస్తువు. పైన గుడారంలా నిలబెట్టిన మూడు వేప పుల్లలు, ఒక్కొక్కటి చిటికెన వేలంత మందం. అగ్గిపుల్ల ఒక్కటే. ఫోనులో గడియారం నడుస్తుంది. నేను చూసేవి మూడే: ఒక్క పుల్లతో అంటుకుందా, ఎంతసేపు మండింది, అది ఆరేలోగా వేప పుల్లలు తమంతట తాము మండుతున్నాయా. మూడోదే ముఖ్యం. భగ్గున లేచి అరనిమిషంలో చల్లబడేవి చాలా ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి, కట్టెను కదిలించలేవు. తర్వాత అదే వస్తువును ఒక నిమిషం నీళ్లలో ముంచి, దులిపి, మళ్లీ మొదటి నుంచి.

ప్రయోగశాల కాదు కాబట్టి నా నిమిషాలను చాదస్తంగా పట్టించుకోకండి. గాలి వీస్తే అన్నీ మారిపోతాయి.

అన్నిటికన్నా బాగా పనిచేసింది ఏది?

ఆ వత్తుల కట్టే. రెండేళ్ల తర్వాత కూడా నా అభిప్రాయం మారలేదు.

కారణం తెలిస్తే మిగతా ఫలితాలన్నీ అర్థమవుతాయి. నెయ్యి అయినా నూనె అయినా ద్రవంగా ఉన్నప్పుడు మండదు. దాని ఆవిరి మండుతుంది. గిన్నెడు నువ్వుల నూనెలో అగ్గిపుల్ల పడేస్తే పుల్ల ఆరిపోతుంది. అదే నూనెను దూది పోగు పీల్చుకుంటే, కొసన ఉన్న కొద్దిపాటి నూనె త్వరగా వేడెక్కి ఆవిరవుతుంది, మండుతుంది, కింది నుంచి మళ్లీ నూనె ఎక్కుతుంది. దూది నెమ్మదిగా మాత్రమే కాలుతుంది, ఎందుకంటే నూనె ఉన్నంతసేపూ మంట తినేది నూనెను. రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడా వత్తులను ఒకే కట్టగా కట్టడమంటే, ఇలాంటి మూడువందల అరవై అయిదు చిన్న పంపులను పక్కపక్కన నిలబెట్టడమే. నేతిలో బాగా నానిన కట్ట నా బాణలిలో పావుగంటకు తగ్గకుండా మండుతుంది. పొడి దూది అదే బరువుకు నిమిషం కూడా నిలవలేదు.

నానబెట్టడంలో ఒక కిటుకు ఉంది. కట్టను పూర్తిగా ముంచి తీస్తే కొస తడిగా ఉండి అగ్గిపుల్లకు లొంగదు. అడుగు, నడుమ నాననిచ్చి, కొసను రెండు వేళ్లతో నలిపి దూది పోగులు విప్పండి. ఆ పోగుల మధ్య చిన్న కర్పూరం ముక్క దోపండి. గుడి దగ్గర ఆడవాళ్లు చేసేది ఇదే. కపిలతీర్థంలో కార్తీక సోమవారం నాడు నిలబడి చూస్తే, ఈదురుగాలిలో కూడా ఒక్క పుల్లతో వెలిగించేవారు కనిపిస్తారు. వారిని గమనించి నేర్చుకున్నదే తప్ప ఇది నా తెలివి కాదు.

పూజ సామాను చలిమంటకు వాడటం తప్పు కాదా?

మా అత్తయ్య కూడా అడిగింది. దేవుడి ముందు పెట్టినవి ముట్టుకోను. కొత్త కట్ట వేరే కొంటాను, డబ్బా కూడా వేరే. ఆమెకు అది సరిపోయింది. మీ ఇంట్లో సరిపోకపోతే మామూలు దూదికి పెట్రోలియం జెల్లీ రుద్దండి. సూత్రం అదే. నిమ్మకాయంత దూది ఉండ నాలుగైదు నిమిషాలు మండుతుంది. లోపలి దాకా రుద్దకుండా మధ్యలో కొంచెం పొడిగా వదిలేయాలి.

కర్పూరం ఒక్కటి చాలదా?

అంటుకోవడంలో దానికి సాటి లేదు. ఘనపదార్థంగా ఉంటూనే గది వేడికే ఆవిరైపోయే గుణం దానిది. అందుకే డబ్బా మూత తీయగానే వాసన వస్తుంది, అందుకే పుల్ల దగ్గరికి తెస్తే చాలు మంట దూకుతుంది. ఇంకో సుగుణం, నీళ్లు పీల్చుకోదు. నీళ్ల గిన్నెలో వేసి తేలుతున్న బిళ్లను వెలిగించండి, నీటి మీదే మండుతుంది. తడి పరీక్షలో దానికి పూర్తి మార్కులు.

లోపం ఏమిటంటే నిలకడ లేదు. హారతి కర్పూరంలా హరించుకుపోవడం అని ఊరికే అనలేదు. చిన్న బిళ్ల ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ లోపల చితుకులు రాజుకోకపోతే మళ్లీ మొదటికే. కాబట్టి నా లెక్కలో కర్పూరం మంట కాదు, మంటకు పిలుపు. దాని వెనుక నూనె వత్తో, మైనమో ఉండాలి.

కొనేటప్పుడు ఒక బిళ్లను స్టీలు పళ్లెంలో కాల్చి చూడండి. మంచిదైతే మసి తప్ప ఏమీ మిగలదు. జిడ్డు మరక మిగిలితే మైనమో మరొకటో కలిపారన్నమాట. చలిమంటకు ఆ కల్తీ నష్టమేమీ చేయదు, నిజానికి కాస్త ఎక్కువసేపు మండుతుంది! కానీ ఇచ్చిన డబ్బు కర్పూరానికి కదా. నిల్వకు బిగుతు మూత ఉన్న డబ్బా వాడండి. మా అమ్మ డబ్బాలో నాలుగు మిరియాలు వేస్తుంది. పని చేసేది మిరియాలా, మూతా అన్న వాదన మా ఇంట్లో ఇంకా తేలలేదు.

కర్పూరం కడుపులోకి పోతే విషం, చిన్న పిల్లలకు మరీ ప్రమాదం. తెల్లటి బిళ్లలు మిఠాయిలా కనిపిస్తాయి. మంట మీద ఏదైనా కాల్చుకుని తినాలనుకుంటే కర్పూరం పూర్తిగా మండిపోయి, కట్టెలు నిప్పులయ్యేదాకా ఆగండి.

కలరా ఉండలూ అలాగే ఉంటాయి. అవి వాడవచ్చా?

వద్దు. బట్టల బీరువాలో వేసే ఆ ఉండలు నాఫ్తలీన్‌వి. మండుతాయి, కానీ వచ్చేది దట్టమైన నల్లటి పొగ, ఆ పొగ ఆరోగ్యానికి హాని. ఒక్కసారి అంటించి, ముక్కు మూసుకుని, ఇసుక పోసి ఆర్పేశాను.

తినే వస్తువుల్లో ఏవి మండాయి?

ఈ ప్రశ్న వేసేవాళ్లు ముందే నవ్వుతూ అడుగుతారు. ఆలూ చిప్స్ అద్భుతంగా మండుతాయి. ప్యాకెట్ వెనుక చూడండి, వంద గ్రాములకు ముప్పై గ్రాములకు పైగా కొవ్వు ఉంటుంది. గ్రాము కొవ్వులో తొమ్మిది కేలరీలు, పిండిపదార్థంలో నాలుగే. పైగా పలచటి రేకులు, గాలి అన్ని వైపుల నుంచి తగులుతుంది. నూనె వత్తి సూత్రమే ఇక్కడ ఉప్పూ కారం పూసుకుని వచ్చింది. గుప్పెడు చిప్స్ మీద వేప పుల్లలు అంటుకున్నాయి.

మురుకులు అంతకన్నా నిదానం. మొదట మొరాయిస్తాయి, అంటుకున్నాక కరకరలాడుతూ నాలుగు నిమిషాల దాకా లాగుతాయి. వేయించిన అప్పడం చిప్స్‌కు తమ్ముడు. పచ్చి అప్పడం మాత్రం వంకర తిరిగి నల్లబడింది, అంతే. కమలా తొక్కను పచ్చిగా మంట దగ్గర నలిపితే చిటపటమని నిప్పురవ్వలు ఎగురుతాయి, తొక్కలోని సుగంధ తైలం చేసే హడావుడి అది. ఎండబెట్టి అంటిస్తే ఆ తైలం చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది, వాసన మిగులుతుంది. బెల్లం కరిగి, పొంగి, బొగ్గై, బాణలికి అతుక్కుపోయింది. తోమినవాళ్లను అడగండి.

తిండిని తగలబెట్టడం నాకూ ఇష్టం లేదు. మెత్తబడిపోయి ఎవరూ ముట్టని ప్యాకెట్ అయితేనే వాడాను. మైదా, శనగపిండి లాంటి పొడులను మంట మీద చల్లే ప్రయోగం మాత్రం అసలు చేయకండి. గాలిలో లేచిన పిండి ఒక్కసారిగా అంటుకుని ముఖం మీదికి వస్తుంది.

కొబ్బరి పీచు ఎలా ఉంది?

మన ఊళ్లో కొబ్బరికాయలకూ పీచుకూ కొరత లేదు కాబట్టి దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. సగం నెరవేరింది. పీచు మంట పట్టుకోవడం కన్నా నిప్పును దాచుకోవడంలో గట్టిది. పాతకాలం బడ్డీ కొట్టు స్తంభానికి వేలాడే కొబ్బరి తాడు గుర్తుందా? కొసన ఎర్రగా ఒక చుక్క, పొద్దుటి నుంచి రాత్రి దాకా, బీడీలు వెలిగించుకోవడానికి. ఆ గుణమే ఇది. చేతుల మధ్య నలిపి పిచ్చుకగూడులా చేసి, మధ్యలో ఒక నిప్పుకణిక పెట్టి, నెమ్మదిగా ఊదితే మంట లేస్తుంది. అగ్గిపుల్లతో నేరుగా అంటిస్తే ఒక నిమిషం ఎగసి పొగలోకి దిగిపోతుంది. చిప్ప మాత్రం వేరే జాతి. అంటుకోవడానికి ఏడిపిస్తుంది, అంటుకుంటే దాని వేడి ముందు వేప కట్టె దిగదుడుపే.

వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి?

చిత్తూరు పల్లెల నుంచి వచ్చే ప్రశ్న. చెరకు పిప్పి ఎండితే చాలా మంచిది. బెల్లం వండే చోట పొయ్యి ముందు కూర్చున్న మనిషిని చూడండి: గానుగ దగ్గర ఎండబెట్టిన పిప్పిని చేతికందినంత పట్టుకుని, పొడవు కర్రతో లోపలికి తోస్తూనే ఉంటాడు. ఒక్క క్షణం ఆపడు, ఎందుకంటే అది అంత వేగంగా మండుతుంది. చలిమంటకు చితుకుల స్థానంలో వాడుకోవచ్చు. తడిస్తే మాత్రం స్పంజిలా నీళ్లు పట్టుకుంటుంది.

వేరుశనగ పొట్టు కుప్పగా పోస్తే గాలి ఆడక పొగ చూరుతుంది. కరిగిన మైనంలో కలిపితే మంచి సరుకు. కింద చెప్తాను.

పిడకలు?

భోగి మంటలో అవి ఎలా ఉంటాయో అందరూ చూసిందే. మొదలుపెట్టడానికి పనికిరావు, మంటను తెల్లవారేదాకా నిలబెట్టడానికి వాటిని మించింది లేదు.

గిన్నెలు తోమే స్టీలు పీచుకు బ్యాటరీ తాకిస్తే మండుతుందని వీడియోల్లో చూశాం. నిజమేనా?

వీడియో నిజమే. మన వంటింటి పీచు వేరు. వారు వాడేది జుట్టు కన్నా సన్నని మామూలు ఉక్కు తీగల ఉన్ని. తొమ్మిది వోల్టుల బ్యాటరీ తాకగానే ఆ సన్నని తీగ వేడెక్కి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. మన కిరాణా కొట్లో అమ్మే స్క్రబ్బర్ మందమైన తుప్పు పట్టని స్టీలు చుట్ట. నేను బ్యాటరీ చచ్చేదాకా తాకించాను. పీచు గోరువెచ్చగా కూడా కాలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు, అది వేరే సంగతి.

శానిటైజర్ మిగిలిపోయింది. పనికొస్తుందా?

వస్తుంది, కానీ ఈ మొత్తం పరీక్షల్లో నన్ను కాల్చింది అదొక్కటే. దానిలో ఉన్నది చాలావరకు ఆల్కహాల్. లేత నీలి మంట, పట్టపగలు కంటికి కనబడదు. ఆరిపోయిందనుకుని సీసా వంచి మళ్లీ పోశాను. మంట ధార వెంబడి పైకి పాకింది. ముంజేతి మీద రోమాలు పోయి, రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. సీసా చేతిలోంచి ఇసుకలో పడింది కాబట్టి సరిపోయింది.

మా ఇంట్లో ఒకరు టూత్‌పేస్ట్ తెచ్చారు, ఒకరు ఇంకు అన్నారు. రెండూ వద్దు. కాలిన చోటును కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐసు కూడా పెట్టకూడదు. బొబ్బను చిదమకూడదు. అరచేతికన్నా పెద్దదైనా, ముఖం మీదైనా డాక్టరు దగ్గరికే.

అంటుకున్న మంట మీద ఏ ద్రవాన్నీ సీసాతో పోయకండి. నెయ్యి అయినా సరే.

మరి కిరోసిన్, పెట్రోలు?

పెట్రోలు ఆవిరి సున్నా డిగ్రీలకు ఎంతో కిందే అంటుకోగలదు. గాలికన్నా బరువైనది కాబట్టి నేల మీద పాకుతూ మీ కాళ్ల దాకా వస్తుంది. మీరు పుల్ల గీసేసరికి మీరు దాని మధ్యలో ఉంటారు. కిరోసిన్ మేలని పెద్దలంటారు. అది సుమారు 35 డిగ్రీలు దాటాకే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది, నిజమే. కానీ తిరుపతి ఎండ మే నెలలో 40 దాటుతుంది, మూసిన కారులో ఇంకా ఎక్కువ. ఎండలో నిలిపిన కారు డిక్కీలో కిరోసిన్ సీసా పెట్టుకుని బయల్దేరేవాళ్లు ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

సైకిల్ ట్యూబు ముక్క, పాల కవర్లు?

ట్యూబు ముక్క తడిసినా మండుతుంది, లారీ డ్రైవర్లకు తెలిసిన విద్యే. ప్రాణం మీదికొస్తే తప్ప ఎందుకు? ఆ పొగ బట్టలకూ గొంతుకూ రెండు రోజులు పట్టుకుంటుంది. పాల కవర్లు కరిగి మండుతూ బొట్లు బొట్లుగా రాలతాయి, చర్మం మీద పడితే ఊడి రాదు. థర్మోకోల్, పీవీసీ పైపు ముక్కల జోలికి అసలు పోవద్దు. గన్నేరు కొమ్మలు కూడా విషమే, పుల్లగా వాడి ఏదీ కాల్చుకోకండి.

కోడిగుడ్ల అట్టతో చేసేది ఏమిటి?

వత్తుల తర్వాత నేను ఎక్కువగా వాడేది ఇదే, ఖర్చు దాదాపు శూన్యం. కాగితపు గుజ్జుతో చేసిన అట్ట తీసుకోండి, ప్లాస్టిక్‌ది కాదు. గుంటల్లో సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టో, నలిపిన వేరుశనగ పొట్టో ముప్పాతిక వంతు నింపండి. మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలను చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగించండి. నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు, మైనం పొంగి అంటుకుంటే నీళ్లతో ఆర్పలేరు, నీళ్లు పోస్తే మంట ఎగజిమ్ముతుంది. మూత వేసి పొయ్యి కట్టేయడమే దారి.

కరిగిన మైనాన్ని గుంటల్లో పోసి, ఆరాక ఒక్కొక్కటిగా చించుకోవాలి. చించిన అంచు పీచుపీచుగా ఉంటుంది, అక్కడే పుల్ల గీసి పెట్టాలి. ఒక్కో గుంట సుమారు పది నిమిషాలు మండుతుంది. ఒక నిమిషం కాదు, రాత్రంతా నీళ్లలో వేసి తీసినా అంటుకుంది, అంచు ఆరబెట్టడానికి కాసేపు పట్టిందంతే. ఎండాకాలంలో కారులో వదిలితే మాత్రం మెత్తబడి సీటుకు అంటుకుంటాయి.

తలకోనలో, నాగలాపురం కొండల్లో వెలిగించవచ్చా?

వీల్లేదు. తలకోన 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం రెండూ అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరంగా చూస్తాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, శేషాచలం వాలుల మీద ఫిబ్రవరి నాటికే బోద గడ్డి ఎండి కాగితమవుతుంది. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి తగలబడినప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చింది. ఎర్రచందనం సహజంగా పెరిగే చోట్లు ప్రపంచంలోనే కొన్ని, అందులో ఈ కొండలు ముఖ్యమైనవి.

కాబట్టి సొంత తోట, తెలిసినవారి పొలం, లేదా నిర్వాహకులే మంట చోటు చూపించే బస. అక్కడ కూడా గడ్డి చెక్కేసి, చుట్టూ రెండు బారల నేల ఖాళీ చేసి, పక్కన నీళ్లు పెట్టుకున్నాకే. వామి దగ్గర, ఎండిన మామిడి ఆకుల మీద వద్దు.

ఆరిందని ఎలా తెలుస్తుంది?

నివురు కప్పిన నిప్పు అనే మాట నమ్మండి. నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోయండి. బుస్సుమనడం ఆగేదాకా. తర్వాత చేయి వెనుక వైపును బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో బిందె. మట్టి కప్పేసి వెళ్లిపోవడం ఆర్పడం కాదు, లోపల వేర్లు రగులుతూనే ఉంటాయి.

మైనం కరిగించిన గిన్నె ఎలా శుభ్రం చేయాలి?

ఇంటివాళ్లు నన్ను అడిగే ఏకైక ప్రశ్న. వేడినీళ్లు పోసి సింకులో ఒంపకండి, పైపులో గడ్డకట్టుకుంటుంది. మాకు ప్లంబరు వచ్చి వెళ్లాడు. గిన్నె ఇంకా వేడిగా ఉన్నప్పుడే పాత పేపరుతో లోపలంతా తుడవండి. పూర్తిగా పోదు, ఆ గిన్నె ఇక వంటకు రాదు, కాబట్టి దాని మీద పెద్ద అక్షరాలతో మీ పేరు రాసుకోండి. తుడిచిన పేపరును మాత్రం పారేయకండి. మైనం పీల్చుకున్న ఆ ఉండ ఒక్క పుల్లకే అంటుకుని నా బాణలిలో ఆరు నిమిషాలు మండింది.